పెరటి పని ఎవరికి అప్పగించాలి?

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. ఆ రెండింటి సరసన "పెరడు బాగుచేయించి చూడు" అని మూడోది కూడా చేర్చి ఉంటే, నాబోటి వాళ్ళకి ముందే బుద్ధి వచ్చి ఉండేది. నవ్వకండి. పెళ్ళిలో పప్పు మాడితే ఆ పూటకే తెలుస్తుంది. గోడకి వేసిన రంగు పెచ్చులూడితే నెలకి తెలుస్తుంది. కాని తోటపనిలో జరిగిన మోసం మూడు నెలలకి గాని బయటపడదు. డబ్బు ఇచ్చే రోజున మొక్కలన్నీ పచ్చగానే ఉంటాయి, గడ్డి పరిచిన జంపఖానాలా ఉంటుంది. అసలు సంగతి ఎండలు ముదిరాక తెలుస్తుంది. అప్పటికి మనిషి ఉండడు, ఫోను పలకదు.

మన సికిందరాబాదులో మారేడుపల్లి, పద్మారావునగర్, తిరుమలగిరి, సైనిక్‌పురి వంటి చోట్ల ఇంకా కాస్తో కూస్తో పెరడున్న ఇళ్ళు మిగిలాయి. అపార్టుమెంట్లలో ఉన్నవాళ్ళకి పెరడు లేకపోయినా బాల్కనీ, మేడమీద మిద్దెతోట ఉండనే ఉన్నాయి. ఈ పనులు చేస్తామని వచ్చేవాళ్ళు సాధారణంగా పగలు పదకొండు, పన్నెండు గంటల మధ్య వస్తారు. మగవాళ్ళు ఆఫీసుకి, పిల్లలు స్కూలుకి వెళ్ళిన వేళ. గేటు తీసేది మనం. ఆ పూట మాట ఇచ్చేదీ మనమే. తరవాత మాట పడేదీ మనమే! అందుకని ఈ విషయం మనం మనం మాట్లాడుకోవాలి.

ముందు నా కథ చెబుతాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అయినా ఒకరి చేతి కాలితే పదిమందికి జాగ్రత్త.

2018 ఉగాది వెళ్ళాక, మా ఇంటి వెనక జాగాలో పచ్చటి లాను వేయించాలని నాకు బుద్ధి పుట్టింది. జాగా ఎంతో లేదు, 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు. ఓ మూల చేదబావి. గోడ పక్కన మా అత్తయ్యగారు కాపురానికి వచ్చిన కొత్తలో నాటుకున్న సంపెంగ చెట్టు. ఒకాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఆల్బమ్. అందులో ఎవరెవరి బంగళాలో, ఫౌంటెన్లు, రాతి మెట్లు, ఈత చెట్లు. "మీ ఇల్లు కూడా ఇలా చేసి పెడతాను మేడమ్" అన్నాడు. ఆ ఫొటోలు ఏ ఊరివో, ఆ తోటలు వేసింది ఇతనేనో కాదో నేను అడగలేదు. అరవై వేలకి ఒప్పందం. "ఈ వారంలో అయితేనే ఈ రేటు" అంటే, చీటీ పాట డబ్బు ఇంట్లో ఉంటే నలభై వేలు చేతిలో పెట్టాను. కాగితం లేదు, రసీదు లేదు. నా దగ్గర మిగిలింది ఫోను నెంబరున్న కార్డు ఒక్కటే.

పని మొదలైన వారానికి భీమవరంలో పెళ్ళి తగిలితే అందరం వెళ్ళాం. మూడు రోజులకి తిరిగొచ్చి చూస్తే సంపెంగ చెట్టు లేదు. "నీడకి గడ్డి రాదు మేడమ్, అందుకే తీసేశాను" అన్నాడు చాలా మామూలుగా. తవ్విన రాళ్ళూ, పాత గచ్చు ముక్కలూ ఎక్కడ పోశారని చూస్తే, బావిలో! లారీ కిరాయి మిగుల్చుకోడానికి మా బావిని పూడ్చేశాడు. అత్తయ్యగారు వరండాలో కూర్చుని అటే చూస్తున్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

ఆ తరవాత గడ్డి పరిచారు. పదిహేను రోజులు పచ్చగా ఉంది. మే నెల సగానికి ఎండిపోయి, ఆ మట్టిలోంచి తుంగ మాత్రం కత్తుల్లా లేచింది. ఫోను చేస్తే మోగి మోగి ఊరుకునేది. తరవాత ఆ మోగడం కూడా పోయింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అంటారే, సరిగ్గా అదే జరిగింది.

జూన్‌లో తొలకరి పడ్డాక, వెనక వీధిలో వాళ్ళింట్లో పదేళ్ళుగా పనిచేస్తున్న ఓ ముసలి మాలీని పిలిపించాను. ఆయన ఆల్బమ్ తేలేదు. చుట్టూ తిరిగి చూసి, నన్నే ప్రశ్నలు వేశాడు. "ఈడ ఎండ ఎంతసేపు పడ్తదమ్మా? ఎండకాలం నీళ్ళు ఏడికెళ్ళి తెస్తరు? రోజూ ఎవరు పోస్తరు?" నేను లాను సంగతి ఎత్తగానే తల అడ్డంగా ఊపాడు. "గడ్డి వద్దమ్మా. మీ నీళ్ళకు అది బతకది. పైసలు దండుగ" అన్నాడు. తనకి వచ్చే పనిని తనే వద్దన్న మనిషిని అప్పుడు మొదటిసారి చూశాను.

అప్పుడు లెక్క వేశాను. మా మూడు వందల చదరపుటడుగుల గడ్డి వేసవిలో బతకాలంటే రోజుకి నూటయాభై నుంచి రెండు వందల లీటర్లు కావాలి. అంటే రోజూ పది, పన్నెండు బిందెలు! మంచినీళ్ళ పంపు రోజు విడిచి రోజు వచ్చే ఇంట్లో అది అయ్యే పనేనా? ఆల్బమ్ ఆయనకి ఈ సంగతి తెలియక కాదు. చెబితే పని పోతుందని చెప్పలేదు.

నమ్మకమైన మనిషి మొదటి గుర్తు ఇదే. అతను ధర చెప్పేముందు మన నేలని చూస్తాడు. మన నేల ఎటువంటిది? ఇది రాతి గడ్డ. పైన జానెడు ఎర్ర చల్క మట్టి, కింద మొరం, ఆ కింద బండ. ఏడాదికి ఇంచుమించు 800 మిల్లీమీటర్ల వాన, అందులో చాలా భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే పడిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఇటువంటి చోట మామిడి మొక్కకి మూడడుగుల లోతు, మూడడుగుల వెడల్పు గుంట తవ్వి, మంచి మట్టీ ఎరువూ నింపాలి. గడ్డపార మొరానికి తగలగానే అడుగు లోతులో ఆపేసి మొక్క పెట్టేస్తే, అది కుండీలో ఉన్నట్టే ఉండిపోతుంది. కాబట్టి గుంట తవ్వే రోజున మీరు ఇంట్లో ఉండండి. చీర కుచ్చిళ్ళు దోపుకుని, టేపు పట్టుకుని కొలవండి. మాలీ గుంటలో బిందెడు నీళ్ళు పోసి, అవి ఎంతసేపటికి ఇంకుతాయో చూస్తే ఇంకా మంచిది. ఎంతకీ ఇంకకపోతే అక్కడ వేరు కుళ్ళుతుంది.

ఇక మట్టి. మోసానికి పుట్టినిల్లు ట్రాక్టరు ట్రాలీ. నాకు ఆరు ట్రాలీల మట్టి అని లెక్క రాశాడు. నేను ఇవతల వంట చేసుకుంటూ ఎన్ని వచ్చాయో చూడలేదు. తరవాత మా అబ్బాయి లెక్క చూశాడు. ట్రాలీ లోపల 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు ఉంటే 120 ఘనపుటడుగులు. ఆరు ట్రాలీలంటే 720. మా మూడు వందల చదరపుటడుగుల మీద అది పరిస్తే దాదాపు రెండున్నర అడుగుల ఎత్తు రావాలి. అంటే మా వెనక గుమ్మం మెట్లన్నీ మునిగిపోవాలి! అక్కడ పరిచింది మహా అయితే అర అడుగు. దానికి 150 ఘనపుటడుగులు, అంటే ఒకటింపావు ట్రాలీ చాలు. మట్టి గుల్లగా వస్తుంది, నీళ్ళు పడగానే దిగుతుంది, కాబట్టి రెండు ట్రాలీలు అనుకోండి. తక్కిన నాలుగు ట్రాలీలూ కాగితం మీద వచ్చాయన్నమాట. చూశారా, పిండిలో నీళ్ళు ఎంత పోయాలో చిటికెలో చెప్పే మనం ఈ హెచ్చవేత చేయలేమా?

మట్టి దిగేటప్పుడు దోసెడు తీసి చూడండి. ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్ళలు ఉంటే అది ఎక్కడో పునాదులు తవ్విన మట్టి. నల్లని, శనగగింజంత గడ్డలు కనిపిస్తే అవి తుంగ గడ్డలు. ఒక్కసారి పెరట్లోకి వచ్చాయంటే ఏళ్ళ తరబడి పోవు. అటువంటి ట్రాలీని గేటు దగ్గరనుంచే వెనక్కి పంపండి. ఎరువు సంగతీ అంతే. బాగా మాగిన పశువుల ఎరువుకి పేడ వాసన ఉండదు, చేత్తో నలిపితే టీపొడిలా రాలుతుంది. పచ్చి పేడ వేస్తే వేడికి వేళ్ళు మాడతాయి, చెదలూ వేరుపురుగూ చేరతాయి.

మొక్కల దగ్గరికి వద్దాం. మన నర్సరీల్లోకి వచ్చే మొక్కల్లో ఎన్నో తూర్పుగోదావరి జిల్లా కడియం, కడియపులంక ప్రాంతాల నుంచి లారీల్లో వస్తాయి. గోదావరి ఒడ్డున చల్లగా పెరిగిన మొక్క మన రాతినేల మీదికి వచ్చి వెంటనే ఎండలో నిలబడలేదు. అత్తవారింటికి కొత్తగా వచ్చిన పిల్లలాగా దానికీ కొన్నాళ్ళు అలవాటు కావాలి. వారం పది రోజులు నీడలో ఉంచి, తరవాత నాటమనండి. వచ్చిన పూటే నాటి, సాయంత్రానికి డబ్బు తీసుకుని పోవాలని తొందరపడే మనిషిని అనుమానించాల్సిందే.

అంటు మొక్క అని చెప్పి గింజ మొక్క అంటగట్టడం పాత విద్య. బేనిషాన్ మామిడి అంటు మూడు నాలుగేళ్ళకి కాపుకి వస్తుంది. గింజ మొక్క దానికి రెట్టింపు కాలమైనా తీసుకుంటుంది, ఆపైన కాయ ఎలా ఉంటుందో ఆ భగవంతుడికే తెలియాలి. అందుకని మొదలు దగ్గర చూడండి. నేలకి జానెడు ఎత్తున అతుకు ఉండాలి. అక్కడ బెరడు కాస్త ఉబ్బి, కిందా పైనా రంగు తేడాగా ఉంటుంది. ఉత్త ప్లాస్టిక్ పట్టీ చుట్టి ఉంటే సరిపోదు, పట్టీ పక్కకి జరిపి చూపించమనండి. నిజంగా అతుకు ఉంటే చూపించడానికి అతనికి అభ్యంతరం ఉండదు. నాటేటప్పుడు ఆ అతుకు మట్టి పైనే ఉండాలి. అతుకు కిందనుంచి వచ్చే చిగుళ్ళు తుంచేయాలి. గులాబీ కూడా ఇంతే. బండి మీద వచ్చే గులాబీ ఎంత పెద్ద పువ్వుతో ఉన్నా సరే, మొదలు పట్టుకుని మెల్లగా కదిపి చూడండి. కవరులోంచి ఊడి వచ్చేటట్టు కదిలితే, దానికి వేళ్ళు లేవు, నిన్నో మొన్నో గుచ్చారని అర్థం.

మిద్దెతోట వేయించేవాళ్ళకి ఒక్క హెచ్చరిక. "స్లాబు మీద అడుగెత్తు మట్టి పరిచేద్దాం, ఏమీ కాదు" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. తడి మట్టి ఘనపుటడుగుకి 45 నుంచి 50 కిలోలు తూగుతుంది. మనుషులు ఎక్కి తిరిగే మామూలు మేడకి, దాని సొంత బరువు కాకుండా, చదరపు మీటరుకి 150 కిలోల చొప్పున లెక్క వేసి కడతారు. అది చదరపుటడుగుకి 14 కిలోలు. మట్టి అంతకి మూడింతలు దాటిపోతోంది! కుండీలు, తొట్లు పెట్టుకోండి, అవి కూడా దూలాల మీదుగా, గోడల వారగా పెట్టుకోండి. ఇంకా ఏమైనా చేయాలంటే ముందు ఇంజనీరుని అడగండి. తోట వేసేవాడు స్లాబుకి హామీ ఇవ్వలేడు.

అలాగే చెట్టు కొట్టడం. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం, అదే అందరూ వాల్టా అంటారు, దాని ప్రకారం మన ఇంటి ఆవరణలో చెట్టయినా సరే, అనుమతి లేకుండా కొట్టడానికి వీల్లేదు. "ఆ సంగతి నేను చూసుకుంటాను మేడమ్" అనే మనిషి రేపు కనపడడు. అధికారి వచ్చి అడిగేది ఇంటివాళ్ళని. మా సంపెంగ విషయంలో ఈ మాట నాకు ఆలస్యంగా తెలిసింది.

సరే, మంచి మనిషిని వెతకడం ఎలా? కరపత్రం చూసి కాదు, ఫోనులో కనిపించే నక్షత్రాలు చూసీ కాదు. సాయంత్రం నడకకి వెళ్ళినప్పుడు వీధిలో తోటలు చూడండి. వేసవి చివర, అంటే మే నెలాఖర్న, ఏ ఇంట్లో మొక్కలు కళకళలాడుతున్నాయో ఆ ఇంటి తలుపు తట్టండి. వానాకాలంలో ప్రతి తోటా బాగానే ఉంటుంది. మేలో బాగున్న తోట వెనక మంచి మాలీ ఉంటాడు. ఆ ఇల్లాలిని మూడు మాటలు అడగండి: ఎన్నేళ్ళుగా చేస్తున్నాడు, చచ్చిపోయిన మొక్కకి బదులు ఇచ్చాడా, డబ్బు దగ్గర ఎలా ఉంటాడు. రెండో ప్రశ్నకి వచ్చే జవాబే మనకి ముఖ్యం. పని పాడవని మనిషి ఉండడు. పాడైన రోజున తిరిగి వచ్చేవాడే నమ్మదగినవాడు.

మనిషి దొరికాక, మొదటే పెరడంతా అప్పగించకండి. పది కుండీలు మార్చే పనో, కంచె కత్తిరించే పనో ఇచ్చి చూడండి. చెప్పిన రోజుకి వచ్చాడా? వెళ్ళేటప్పుడు చెత్త ఊడ్చాడా? తెలియనిది తెలియదన్నాడా? అన్నం ఉడికిందో లేదో తెలుసుకోడానికి ఒక మెతుకు చాలు.

తరవాత కాగితం. "ఇంత చిన్నదానికి కాగితమెందుకమ్మా, మన మధ్య నమ్మకం చాలదా" అంటారు. నవ్వుతూనే చెప్పండి: "నమ్మకం ఉంది నాయనా, జ్ఞాపకం లేదు, అందుకని రాసుకుందాం" అని. తెల్ల కాగితం మీద తెలుగులోనే రాయండి. అతని పేరు, ఇంటి చిరునామా, ఆధార్ నకలు. పని కొలత. మట్టి ఎన్ని ట్రాలీలు, ట్రాలీ కొలత ఎంత. ఏ మొక్కలు, ఎన్ని. ఎప్పటికి పూర్తి. తవ్విన చెత్త ఎవరు, ఎక్కడికి తీసుకెళ్తారు. ఇంకొక్కటి, ఏది ముట్టుకోకూడదో అదీ రాయండి: ఫలానా చెట్టు, బావి, నీళ్ళ గొట్టం. ఈ చివరి వాక్యం నేను ఆ రోజు రాయించుకుని ఉంటే! పని మొదలుపెట్టకముందు సెల్‌ఫోనుతో నాలుగు పక్కలా ఫొటోలు తీసి ఉంచండి. డబ్బు ఇచ్చిన ప్రతిసారీ రసీదు తీసుకోండి. ఐదు వేలు దాటితే రూపాయి రెవిన్యూ స్టాంపు అంటించాలి. ఫోనులో పంపినా, ఒప్పందం ఎవరి పేరు మీద ఉందో వారి పేరుకే పంపండి. "మా బావమరిది నెంబరుకి వేయండి" అంటే కుదరదని చెప్పండి.

అన్నిటికన్నా అసలు కిటుకు డబ్బు ఇచ్చే పద్ధతిలో ఉంది. ఓడ దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్న సామెత మనకి కొత్త కాదు. పనికి ముందే మూడింట రెండు వంతులు ఇచ్చేస్తే ఆ బోడి మల్లయ్య మనమే. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ఇంటి పనులు చేసే కాంట్రాక్టరు బయానాగా ఒప్పందం మొత్తంలో పదో వంతు గాని, వెయ్యి డాలర్లు గాని, ఏది తక్కువైతే అంతకి మించి తీసుకోకూడదని చట్టమే ఉంది. అంత పెద్ద దేశంలోనూ "పక్కింట్లో రోడ్డు వేశాం, తారు మిగిలింది, మీ గుమ్మం ముందు చవగ్గా వేసి పెడతాం" అంటూ వచ్చి మోసం చేసేవాళ్ళు ఉన్నారట. అంటే ఈ రోగం ఏ ఒక్క ఊరిదీ కాదు.

మనకి అటువంటి హద్దు లేదు కాబట్టి, హద్దు మనమే పెట్టుకోవాలి. సామాను డబ్బు సామాను గేటు లోపల దిగాకే ఇవ్వండి. కూలి డబ్బు పని జరిగిన కొద్దీ ఇవ్వండి. మొత్తంలో పావు వంతు మాత్రం, మొక్కలు నాటిన 45 రోజుల దాకా మీ దగ్గరే ఉంచండి. ఆ మాట మొదటి రోజునే కాగితం మీద రాసుకోండి. మొక్క ఎలా నెమ్మదిగా వేళ్ళూనుతుందో, మన డబ్బు కూడా అలాగే నెమ్మదిగా కదలాలి. నిజాయితీపరుడు దీనికి ఒప్పుకుంటాడు, ఎందుకంటే తన మొక్క బతుకుతుందని అతనికి తెలుసు.

కాని ఇక్కడ ఒక ధర్మం కూడా చెప్పాలి. ఈ ఆపడం గుత్తకి ఒప్పుకున్న కాంట్రాక్టరుకే గాని, అడ్డా మీదనుంచి వచ్చిన రోజు కూలీకి కాదు. గడ్డపార పట్టినవాడి కూలి ఆ సాయంత్రమే చేతిలో పడాలి. అతని ఇంట్లో పొయ్యి ఆ డబ్బుతోనే వెలగాలి. కాంట్రాక్టరు మీద కోపం కూలీల మీద చూపించడం, అయిదు రోజులు చేయించుకుని నాలుగు రోజులకి లెక్క కట్టడం, ఇవీ మోసాలే. మనం మోసపోయామని చెప్పుకునేటప్పుడు, మన చేతులు శుభ్రంగా ఉన్నాయో లేదో కూడా చూసుకోవాలి.

తోటపనికి చెప్పిన ఈ మాటలు మిగతా పనులకీ వర్తిస్తాయి. ప్రతి పనికీ ఒక పరీక్ష ఉంటుంది. మేడ కారకుండా పూత వేస్తే, రెండంగుళాల నీళ్ళు నిలబెట్టి రెండు రోజులు చూశాకే చివరి వాయిదా ఇవ్వండి. గొట్టాలు మారిస్తే, అన్ని పంపులూ ఒక్కసారి విప్పి చూడండి. చెదల మందు కొడితే, ఏ మందో, ఎన్నాళ్ళ హామీయో రాయించుకోండి. పరీక్ష అయ్యాకే పైకం. ఈ ఒక్క మాట వంటింటి గోడ మీద రాసి పెట్టుకోండి.

ఇంత చేసినా మోసం జరిగితే? 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో 2019లో కొత్త చట్టం వచ్చి, 2020 జూలై 20 నుంచి అమల్లో ఉంది. డబ్బు తీసుకుని పని సరిగా చేయని కాంట్రాక్టరు మీద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. అతను ఏ ఊరివాడైనా, మీరు ఉన్నచోటే వేయవచ్చు. ఇచ్చిన పైకం అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు. వకీలు లేకుండా మీరే వెళ్ళి చెప్పుకోవచ్చు. గడువు మాత్రం రెండేళ్ళు. అంతకుముందు 1915 నెంబరుకి ఫోను చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను వారు సలహా చెబుతారు, రాజీకి ప్రయత్నిస్తారు. ఒక తేడా గుర్తుంచుకోండి. నెల జీతం మీద మనం పెట్టుకున్న మాలీ మన ఇంటి ఉద్యోగి లెక్క. అతనితో పేచీ ఈ చట్టం కిందికి రాదు. గుత్తకి పని ఒప్పుకున్నవాడి సేవే దీని కిందికి వస్తుంది.

మొదటినుంచీ మోసగించే ఉద్దేశంతోనే డబ్బు గుంజితే అది పోలీసులు చూడవలసిన నేరం. మనం సరదాగా "ఫోర్ ట్వంటీ" అంటామే, ఆ 420 సెక్షను ఇప్పుడు లేదు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో అది 318 అయింది. నెంబరు మారింది గాని మనుషులు మారలేదు! అయితే ఏ తలుపు తట్టినా వాళ్ళు మొదట అడిగేది "అతని చిరునామా ఏది, రసీదు ఏది" అనే. నా దగ్గర రెండూ లేవు. అందుకే నా నలభై వేలు నాకు రాలేదు.

ఆ డబ్బు పోయినందుకు అంత బాధ లేదు. బావి పూడిక తీయించడానికి ఇంకో పద్దెనిమిది వేలయింది. దాని కోసం నా గాజులు తాకట్టు పెట్టి, ఆ సంగతి ఇంట్లో చెప్పడానికి నెల పట్టింది. తప్పు చేసినదాని కన్నా దాచిపెట్టినదే నన్ను ఎక్కువ కాల్చింది. మోసపోయిన ఆడవాళ్ళు చాలామంది ఇలాగే నోరు మూసుకుంటారు, "నీకెందుకు పెత్తనం" అన్న మాట పడాలని భయపడి. ఆ భయమే మోసగాడికి పెట్టుబడి. మనం చెప్పుకుంటే, పక్క వీధిలో ఇంకొకరు గేటు తీసేముందు ఆలోచిస్తారు.

ముసలి మాలీ ఆ జూన్‌లోనే సంపెంగ అంటు ఒకటి తెచ్చి, అతుకు చూపించి మరీ నాటాడు. గడ్డి జాగాలో మల్లె, కనకాంబరం, కరివేపాకు, ఓ నిమ్మ మొక్క వచ్చాయి. రోజుకి మూడు బిందెలతో గడిచిపోతోంది. 2021 వానాకాలంలో సంపెంగ మొదటిసారి రెండు పూలు పూసింది. అత్తయ్యగారు కర్ర పట్టుకుని మెల్లగా వెళ్ళి కోసుకొచ్చి, ఒకటి దేవుడి దగ్గర పెట్టారు. రెండోది నా చేతికిచ్చి, "పెట్టుకోవే, వాడిపోతుంది" అన్నారు. మూడేళ్ళ తరవాత ఆ చెట్టు గురించి ఆవిడ నాతో అన్న మొదటి మాట అది.

రేపు పదకొండింటికి మీ గేటు చప్పుడైతే, ఆల్బమ్ పట్టుకున్న మనిషి నవ్వుతూ నిలబడితే, కోప్పడకండి, తరిమేయకండి. మర్యాదగానే చెప్పండి. "మీ చిరునామా రాసిచ్చి వెళ్ళండి. మీరు తోట వేసిన ఇల్లొకటి చూపించండి, మే నెలలో వెళ్ళి చూస్తాను" అనండి. మంచివాడైతే చిరునామా రాస్తాడు. కాకపోతే గేటు తనే వేసుకుని వెళ్తాడు.